బెత్తెడు సందు

మూడో అంతస్తు, డండీ ఊళ్ళో.
కిటికీలోంచి నది కనిపిస్తుంది,
మడతపెట్టిన చేతిరుమాలంత.
వంటగది ఏడడుగులు, ఆరడుగులు.
ఓవెన్ తలుపు తీస్తే నేను బయటికి రావాలి,
నేను లోపలికెళ్తే అది నోరు మూసుకోవాలి.
ముప్పై ఏళ్ళు ఇలాగే
వంతులేసుకుని కాపరం చేశాం.

పగలు బడిలో మూడొందల మంది పిల్లలకి
గరిటె కాదు, పార తిప్పినట్టు తిప్పేదాన్ని
ఉడికిన బంగాళాదుంపల్ని.
రాత్రి ఇక్కడ
ఒక్క గుడ్డు ఉడకేసుకోడానికి
మోచేతులు ముడుచుకునేదాన్ని.

ఈ చలికాలం సింకు కింద చెక్క
టీలో నానిన బిస్కెట్టులా చేతికొచ్చేసింది.
రేకు డబ్బాలో తొమ్మిదొందల పౌండ్లు.
దుకాణంలో కుర్రాడు నా వంటగదిని
కంప్యూటర్లో తిప్పి తిప్పి చూపించాడు.
అందులో ఎవరో గిన్నెనిండా నిమ్మకాయలు పెట్టారు.
ఆరువేలవుతుందన్నాడు.
నిమ్మకాయలు తీసేస్తే ఎంత, అన్నాను.
నవ్వలేదు పాపం,
మళ్ళీ లెక్కేశాడు.

బ్రాటీ ఫెర్రీలో ఒకావిడకి
నాలుగేళ్ళ వంటగది రంగు మొహంమొత్తిందట.
మూడొందల యాభై, విప్పుకుని పట్టుకుపొమ్మంది.
మేనకోడలు షోనా చేపల వ్యాను అడిగి తెచ్చింది.
కింద వాటా లూబొమిర్ తన డ్రిల్లు తెచ్చాడు.
పద్నాలుగు అల్మారాలు!
మా గదికి ఆరు పడితే గొప్ప.
మిగిలినవి షోనా ఎవరికో అమ్మి
ప్లంబరు కూలి రాబట్టింది.
ఆ ఆరూ మెలికల మెట్లెక్కి వచ్చేసరికి
ఒక్కోదానికీ ఒక్కో గాయం,
అన్నిటికీ హెర్రింగు చేపల వాసన.

మూడు వారాలు అంట్లు స్నానాల తొట్టిలో.
మోకాళ్ళ మీద కూర్చుని తోముతుంటే
ప్రార్థన అనుకుని
షోనా తలుపు దగ్గరేసి వెళ్ళిపోయింది.

పాత అల్మారాలు పీకిన రోజు
స్టవ్వు పక్క గోడ బయటపడింది.
సున్నం మీద పెన్సిలు గీతలు, నా మొగుడు రానల్డ్ చేతివి.
ఏడడుగుల్లోంచి ఏదో తీసేశాడు,
ఒకటి అరువు తెచ్చుకుని తిరిగి ఇవ్వడం మరిచాడు.
అదీ ఆ బెత్తెడు సందు కథ!
స్టవ్వుకీ అల్మారాకీ మధ్య
ఇల్లు తప్పుగా కట్టారనుకున్నాను ఇన్నాళ్ళూ.
చనిపోయిన మనిషి తీసివేతని
వేలితో మళ్ళీ చేసి చూశాను.
నాకూ ఓ పట్టాన తేలలేదు.

సందులో ధూళి, జిడ్డు, ఎండిన బఠానీలు,
అడుగున చెంచాలు.
పదకొండు.
మా పెళ్ళికొచ్చిన వెండి చెంచాలు.

పదిహేనేళ్ళు నేను ఇష్‌బెల్‌ని అనుమానించాను.
ఆడపడుచు వచ్చి వెళ్ళిన ప్రతిసారీ లెక్కపెట్టుకునేదాన్ని.
ఒక క్రిస్మస్‌కి చెంచాలే పెట్టలేదు,
పుడ్డింగు ఫోర్కులతో తిన్నాం.
ఆవిడ ఏమీ అనలేదు.
మళ్ళీ క్రిస్మస్‌కి రాలేదు, అంతే.

లూబొమిర్ చెంచాలు వరసగా నేల మీద పేర్చి
"నిధి దొరికింది" అన్నాడు.
అప్పు దొరికిందయ్యా, అన్నాను.

ఆదివారం ఇష్‌బెల్ వచ్చింది, ఎనభై ఒకటి, చేతికర్రతో.
మెట్ల మీద మూడుసార్లు ఆగింది.
క్షమించమనే మాట
పొద్దుటినుంచీ నోట్లో వేడి దుంపలా తిప్పుతున్నాను.
కొత్త అల్మారాలు చూపించాను, కుళాయి తిప్పి చూపించాను,
ఇద్దరం పట్టం కాబట్టి
ఆవిడ గుమ్మంలోనే నిలబడింది.
టీలో చెంచా వేసి ఇచ్చాను.
తిప్పింది. ఆపింది. చెంచా ఎత్తి
కళ్ళజోడుకి దగ్గరగా పెట్టుకుంది.
"ఎక్కడ?" అంది.
చూపించాను.
గోడకేసి చాలాసేపు చూసి
"మా తమ్ముడికి బళ్ళోనూ లెక్కలు రావు" అంది.
నేను దాచుకున్న మాట చల్లారిపోయింది,
ఎలాగో మింగేశాను.

నూట ఇరవై ఏళ్ళ గోడకి నడుం వంగింది,
కొత్త అల్మారా పక్కనా సందు మిగిలింది,
రెండు వేళ్ళంత.
కప్పడానికి చెక్కపట్టీ పన్నెండు పౌండ్లట.
డబ్బాలో ఆరు, కాస్త చిల్లర.
వదిలెయ్, అన్నాను లూబొమిర్‌తో.
నిన్న అందులో చెంచా ఒకటి పడింది.
శబ్దం విన్నాను.